కహాల్ మహాశయుడు

కన్నులు తెరచినంతనే లోకము మనకు కనబడును. ఇది నిత్యానుభవమగుటచే ఇందు వింత యేమియు లేదని తలంతుము. కాని కన్ను గ్రహించిన వెలుగు మెదడును చేరుటకు ఏ త్రోవను పోవలయును, ఆ త్రోవను తల్లి గర్భములోని శిశువునకు ఎవరు వేసిరి అని యోచించినచో ఆశ్చర్యము కలుగక మానదు. మానవుని ఒక్కొక్క కంటినుండి సుమారు 10 లక్షల సన్నని తంతువులు మెదడునకు పోవుచున్నవి. అవి తమ తమ చోటులను చేరుటచేతనే మనము చూడగలుగుచున్నాము. ఇట్టి తంతువుల కొనలు ఎట్లు పెరుగునో, త్రోవ నెట్లు కనుగొనునో మొట్టమొదట కనిపెట్టి చెప్పిన మహనీయుడు స్పెయిన్ దేశస్థుడైన శాంటియాగో రామోన్ ఈ కహాల్. బాల్యమున ఆయనను ఎవ్వరును తెలివిగలవాడని తలంపలేదు. ఆయనకు మిక్కిలి ప్రియమైన విద్యను తండ్రియే నిషేధించెను. అట్టి బాలుడు ప్రపంచ విఖ్యాతుడైన చరిత్రము తెలిసికొనదగినది.

కహాల్ 1852వ సంవత్సరము మే 1వ తేదీన స్పెయిన్ ఉత్తర భాగమునందలి పెటియా యను కొండపల్లెలో జన్మించెను. తండ్రి పేరు హుస్తో రామోన్. తల్లి పేరు అంటోనియా కహాల్. స్పెయిన్ దేశాచారము ననుసరించి బాలునకు తండ్రి యింటిపేరును తల్లి యింటిపేరును రెండును కలిసివచ్చెను. తండ్రి పేద కర్షక కుటుంబమున పుట్టినవాడు. చిన్నతనముననే యిల్లు విడిచి, క్షురకర్మయు శస్త్రవైద్యమును చేయు నొకని యొద్ద పనికి కుదిరి, స్వయంకృషితో చదివి వైద్యుడయ్యెను. కష్టపడి పైకి వచ్చినవాడగుటచే ఆయనకు క్రమశిక్షణయందు మిక్కుటమైన పట్టుదల యుండెను. కుమారుడును వైద్యుడు కావలయునని ఆయన నిశ్చయము. గొల్లలు విడిచిపోయిన యొక గుహలో కూర్చుండబెట్టి తండ్రి యతనికి ఫ్రెంచి భాష నేర్పెను. ఆనాటి గుహలోని పాఠములు ముందు ముందు అతనికి ఎంతయో ఉపకరించినవి.

బాలునకు చిత్రలేఖనము ప్రాణము. కాగితము దొరికిన కాగితము మీద, దొరకనిచో గోడలమీద, తలుపులమీద అతడు బొమ్మలు గీయుచుండెను. బొమ్మలు కూడు పెట్టవని తండ్రి యభిప్రాయము. అయినను న్యాయముగా పరీక్షింపదలచి, అతడు గీసిన యొక మహాత్ముని చిత్రమును, ఆ యూరి దేవాలయమునకు సున్నము వేయవచ్చిన పనివానికి చూపించెను. ఆ సున్నము వేయువాడు బొమ్మను చూచి, ఈ పిల్లవానికి చిత్రకళ రాదని తేల్చి చెప్పెను. నాటినుండి ఇంటిలో కాగితములకును రంగులకును తావు లేకపోయెను. బాలుడు మాత్రము గీయుట మానలేదు. దాచి గీయ నారంభించెను.

పాఠశాలలో ఉపాధ్యాయులకు అతడు తలనొప్పిగా నుండెను. అల్లరి చేసినపుడెల్ల వానిని చీకటి గదిలో బంధించుట ఆ బడి యాచారము. ఒకనాడు అట్లు బంధింపబడిన సమయమున అతనికి ఒక అద్భుతము కనబడెను. గది కిటికీ తలుపునకు చిన్న రంధ్రముండెను. దానిగుండా వచ్చిన యెండ గది పైకప్పు మీద పడి, బయటి వీధిలో పోవు మనుష్యుల యొక్కయు, బరువులు మోయు పశువుల యొక్కయు రూపములను రంగులతో సహా తలక్రిందులుగా చిత్రించుచుండెను. బాలుడు విస్మయముతో ఆ ఛాయలను కాగితముపై దింపుకొనెను. ఫోటోగ్రాఫు యంత్రము పనిచేయు విధానమును, మన కంటిలో బొమ్మ పడు విధానమును ఇట్లు ఎవ్వరును చెప్పకయే శిక్ష యనుభవించుచు అతడు తెలిసికొనెను. తలక్రిందులైన ఆ బొమ్మను అతడు జీవితాంతము మరువలేదు.

పదునొకండవ యేట ఒక దూలమును తొలిచి ఫిరంగి చేసి, రాళ్లు నింపి పేల్చగా పొరుగువారి తోట తలుపు ముక్కలయ్యెను. అందులకు కొన్ని దినములు చెరసాలలో నుండవలసి వచ్చెను. హాకా పట్టణమున లాటిను పాఠశాలలోను అతనిని చేర్చియుండిరి. అచ్చట కంఠస్థము చేయని పాఠమునకు బెత్తము దెబ్బలు, తిండి లేకుండ నిర్బంధము సామాన్య శిక్షలు. విసిగిన తండ్రి కొంతకాలము మంగలి దుకాణమునందును, కొంతకాలము చెప్పులు కుట్టువాని యొద్దను అతనిని పనికి పెట్టెను. చెప్పులు కుట్టుటలో అతడు మంచి నేర్పరి యనిపించుకొనెను.

1868వ సంవత్సరమున తండ్రికి ఒక ఉపాయము తోచెను. శరీర నిర్మాణ శాస్త్రమును పుస్తకములతో గాక ఎముకలతో నేర్పదలచి, ఒక వెన్నెల రాత్రి కుమారుని వెంటబెట్టుకొని పాడుపడిన శ్మశానమునకు పోయెను. బయల్పడియున్న యెముకలను ఏరి తెచ్చి, ఒక్కొక్కదాని పేరును, వంపును, నొక్కును చూపుచు పాఠము చెప్పెను. బాలుడు ప్రతి యెముకను చిత్రించెను. గీయగా గీయగా దాని రూపము మనస్సున నిలిచిపోవుచుండెను. ఏ విద్యను తండ్రి నిషేధించెనో ఆ విద్యయే తండ్రి కోరిన శాస్త్రమునకు ద్వారమయ్యెను. తండ్రియు దానిని గ్రహించి సంతోషించెను. తరువాత తండ్రీకొడుకు లిరువురును కలిసి శరీర భాగముల రంగుల పటములను సిద్ధము చేసిరి.

కహాల్ సరగోసా పట్టణమున వైద్యవిద్య నభ్యసించి 1873లో పట్టము పొందెను. వెంటనే సైన్యమున వైద్యుడుగా చేరవలసి వచ్చెను. 1874లో ఆయనను క్యూబా ద్వీపమునకు పంపిరి. అచ్చట అడవులలోను చిత్తడి నేలలలోను సైనికులు తుపాకి గుండ్లకంటె రోగములచేతనే యెక్కువగా చనిపోవుచుండిరి. ఆయనకును మలేరియా జ్వరము, రక్తగ్రహణి సోకెను. శరీరము శిథిలమై 1875లో స్వదేశమునకు మరలివచ్చెను. 1877లో మాడ్రిడ్ నగరమున పరీక్షకు పోయినపుడు సూక్ష్మదర్శినిలో జీవకణములను చూచి ముగ్ధుడై, సైనికోద్యోగమున మిగిలిన సొమ్ముతో ఒక సూక్ష్మదర్శినిని కొనెను. ఆ మరుసటి సంవత్సరమే క్షయరోగము వచ్చి రక్తము క్రక్కుకొనెను. ఆ కాలమున క్షయకు మందు లేదు. కొండగాలిలో విశ్రాంతి తీసికొని, సోదరి పరిచర్యచే కోలుకొనెను. 1879లో సిల్వేరియా యను కన్యను వివాహమాడెను. వారికి ఏడుగురు బిడ్డలు కలిగిరి. కొలది జీతముతో ఆ సంసారమును నడుపుచు, భర్త పరిశోధనకు కొరత రానీయని యిల్లాలు ఆమె.

తరువాత కహాల్ వలెన్సియా పట్టణమున శరీర శాస్త్రాచార్యుడయ్యెను. 1885లో ఆ ప్రాంతమున కలరా ప్రబలెను. ఆయన ఆ వ్యాధి క్రిములను గూర్చి పరిశోధించి సరగోసా మండల ప్రభుత్వమునకు నివేదిక నొసగెను. అందులకు మెచ్చి వారు ఆయనకు జర్మనీలో చేయబడిన గొప్ప సూక్ష్మదర్శిని నొకదానిని బహూకరించిరి. తన చిన్న పరికరముతో చూడజాలని వెన్నియో ఇప్పుడు ఆయనకు కనబడ నారంభించెను.

ఆ దినములలో మెదడు నిర్మాణమును గూర్చి శాస్త్రజ్ఞులకు గొప్ప సందేహముండెను. దేహములోని తక్కిన భాగములన్నియు కణములతో నిర్మింపబడినవని అప్పటికే తేలినది. మెదడు మాత్రము అట్లుగాక, ఎడతెగని దారములతో అల్లిన యొక పెద్ద వలవంటిదని పెక్కుమంది నమ్ముచుండిరి. మెదడు ముక్కను సూక్ష్మదర్శిని క్రింద పెట్టినచో చిక్కుపడిన నూలుండవలె కనబడును. ఏ పోగు మొదలు ఎక్కడనో, కొన ఎక్కడనో తెలియదు. 1873లో ఇటలీ దేశస్థుడైన కమిల్లో గోల్జీ యను పండితుడు ఒక క్రొత్త పద్ధతిని కనిపెట్టెను. మెదడు ముక్కను మొదట పొటాషియం డైక్రోమేట్ ద్రావణమునను, పిదప సిల్వర్ నైట్రేట్ ద్రావణమునను ఊరబెట్టినచో, వేలకొలది కణములలో ఏ కొన్ని మాత్రమో నల్లబారి, పసుపుపచ్చని నేలపై సిరాతో గీసినట్లు కనబడును. కాని గోల్జీ తాను చూచిన దానిని బట్టి మెదడు ఎడతెగని వలయే యని తీర్మానించెను.

1887లో కహాల్ మాడ్రిడ్‌లో సిమార్రో యను వైద్యుని యింట ఈ నల్లని కణములను మొదటిసారి చూచెను. ఆ యేటనే బార్సిలోనా నగరమున ఆచార్య పదవి లభింపగా, అచ్చటికి పోయి ఈ పద్ధతితో పని మొదలిడెను. గోల్జీ పద్ధతి ఒకసారి ఫలించిన మరియొకసారి ఫలింపకుండెను. కహాల్ ముక్కను రెండుమారులు ద్రావణములలో ముంచి దానిని సరిదిద్దెను. అంతకంటె ముఖ్యమైనది మరియొక యుపాయము. పెరిగిన మెదడునకు బదులు ఇంకను పెరుగుచున్న పక్షిపిల్లల యొక్కయు పిండముల యొక్కయు మెదడులను ఆయన తీసికొనెను. ఊడలు దిగి అల్లుకొనిపోయిన మర్రితోపులో ఏ కొమ్మ ఏ చెట్టుదో చెప్పుట కష్టము. నారుమడిలో అయినచో ప్రతి మొలకయు విడివిడిగా కనబడును. అట్లే లేత మెదడులో ప్రతి కణమును దాని కొమ్మలతో, పొడవైన తంతువుతో వేరువేరుగా ఆయనకు గోచరించెను. తంతువు కొనలు ఇతర కణములను సమీపించుచున్నవే కాని వానిలో కలిసిపోవుటలేదు. మెదడు వల కాదు. స్వతంత్రమైన కణముల సమూహము. 1888లో ఆయన ఈ సంగతిని ప్రకటించెను. ప్రకటించుటకు పత్రిక లేక, సొంత ఖర్చుతో ఒక పత్రికను స్థాపించి 60 ప్రతులు అచ్చు వేయించి విదేశములలోని పండితులకు పంపెను. అంతకు పూర్వము చదరంగమునందు ఆయనకు అత్యాసక్తి యుండెను. ఆట పరిశోధనను మ్రింగుచున్నదని గ్రహించి దానిని పూర్తిగా విడిచెను.

ఆ పత్రికను చదివినవారు అరుదు. స్పెయిన్ దేశమునుండి శాస్త్రము వచ్చునని ఐరోపాలో ఎవ్వరును తలంపని కాలమది. స్పానిష్ భాష తెలిసిన శాస్త్రజ్ఞులును కొలదిమందియే. కహాల్ నిరుత్సాహపడలేదు. 1889లో బెర్లిన్ నగరమున జర్మను శరీర శాస్త్రజ్ఞుల సభ జరుగుచున్నదని విని, కూడబెట్టిన సొమ్ముతో రైలెక్కి, తన సూక్ష్మదర్శినిని, గాజుపలకలను వెంటబెట్టుకొని పోయెను. జర్మను భాష ఆయనకు అంతగా రాదు. వచ్చిన ఫ్రెంచి భాషతో గడుపుకొనవలసి వచ్చెను. పండితులు మొదట ఉదాసీనముగానే చూచిరి. కాని సూక్ష్మదర్శినిలో కన్నుపెట్టి చూచినవారు మారుమాట పలుకలేకపోయిరి. వారిలో అగ్రగణ్యుడును, 72 ఏండ్ల వృద్ధుడును అయిన కోలికర్ కహాల్‌ను ఆదరించి అందరకు పరిచయము చేసెను. అంతవరకు తాను నమ్మిన వల సిద్ధాంతమును విడిచిపెట్టెను. కహాల్ రచనలు చదువుటకై ఆ వృద్ధ పండితుడు స్పానిష్ భాష నేర్చుకొనెనని చెప్పుదురు. 1891లో వాల్డయర్ అను జర్మను పండితుడు ఈ కణమునకు న్యూరాన్ అని పేరు పెట్టెను.

కహాల్ మిక్కిలి ప్రేమించిన అవయవము కంటి లోపలి నేత్రపటలము. అది కాగితమువలె పలుచనిదైనను అందు కణములు వరుసలు వరుసలుగా అమర్చబడియుండును. ఒక వరుస వెలుగును గ్రహించును; మధ్య వరుస దానిని అందుకొనును; మరియొక వరుస తన పొడవైన తంతువుల మూలమున మెదడునకు పంపును. ఆ తంతువుల కట్టయే దృక్‌నాడి. కంటిలో వార్త ఎటునుండి ఎటు పోవునో మనకు ముందే తెలియును; వెలుగు కంటినుండి మెదడునకు పోవునే కాని మెదడునుండి కంటికి రాదు. దీనిని ఆధారము చేసికొని, నాడీకణములో వార్త కొమ్మలగుండా ప్రవేశించి, పొడవైన తంతువుగుండా వెలువడునని కహాల్ నిర్ణయించెను. అందుచేత ఆయన గీసిన చిత్రములలో వార్త పోవు దిక్కును తెలుపు బాణపు గుర్తులు కనబడును.

రెండు కన్నులనుండి వచ్చు దృక్‌నాడులు మెదడు అడుగున ఒక కూడలిలో కలియును. అచ్చట కొన్ని తంతువులు రెండవ ప్రక్కకు దాటును. చేపలలోను పక్షులలోను దాదాపు అన్నియు దాటును; మనుష్యులలో సుమారు సగము దాటును. ఏల దాటవలయును? 1898లో కహాల్ దీనిని గూర్చి ఒక గ్రంథము వ్రాసెను. చీకటి గది పైకప్పుమీద వలెనే కంటిలోను బొమ్మ తిరగబడును. రెండు కన్నుల తంతువులును తిన్నగా పోయినచో, లోకచిత్రము యొక్క రెండు సగములును మెదడులో తారుమారై అతుకక నిలుచును. దాటుటచేత అవి సరిగా అతుకును. ఇది ఆయన వివరణము. ఈ దాటుటకు మూలకారణమేమి యను విషయమున నేటికిని చర్చ కలదు. అయినను ఆ ప్రశ్నను బొమ్మ గీసి అంత స్పష్టముగా విప్పి చూపినవాడు ఆయన.

1890లో ఆయన కన్నులకు మరియొక వింత తోచెను. కోడిగ్రుడ్డులోని పిండమునందు పెరుగుచున్న తంతువుల కొనలను పరీక్షింపగా, ప్రతి కొనయందును చిన్న వేళ్లవంటి మొనలుగల యొక ఉబ్బు కనబడెను. దానికి ఆయన వృద్ధి శంకువు అని పేరు పెట్టెను. గుమ్మడి తీగ కొనయందలి నులితీగ పందిరిని వెదకుచు ప్రాకునట్లు, ఈ శంకువు కణముల నడుమ దారి చేసికొని ముందునకు పోవునని ఆయన ఊహించెను. ఆయన చూచినది మందులో ఊరి చచ్చిన ముక్కను. అందులో కదలిక లేదు. కదలని దానిని చూచి కదలికను గ్రహించుట ఆయన ప్రతిభ. 1892లో నేత్రపటలమును గూర్చి వ్రాయుచు మరియొక యడుగు ముందునకు వేసెను. ఈ కొన తన గమ్యమును ఎట్లు గుర్తించును? గమ్యమునందలి కణములు ఏవో రసాయన పదార్థములను వెలువరించుననియు, వాని యాకర్షణచే తంతువు అటు తిరుగుననియు ఆయన భావించెను. ఆ పదార్థములు ఏవో చూపుటకు ఆ కాలమున సాధనములు లేకుండెను.

1892లో ఆయన మాడ్రిడ్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. 1906లో నోబెల్ బహుమానమును గోల్జీకిని కహాల్‌కును కలిపి ఇచ్చిరి. ఒకరినొకరు ఖండించిన సిద్ధాంతములు గల యిద్దరు ఒకే వేదికపై కూర్చుండిరి. గోల్జీ తన యుపన్యాసమున స్వతంత్ర కణముల సిద్ధాంతమును తిరస్కరించెను. కహాల్ కోపింపక, తాను చూచిన సత్యమును శాంతముగా వివరించి, గోల్జీ పద్ధతి లేనిదే తన పని సాగియుండదని కృతజ్ఞత చూపెను. 1950వ దశకమున ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని వచ్చిన పిదప, కణమునకును కణమునకును నడుమ నున్న సన్నని యెడము కంటికి కనబడెను. కహాల్ చెప్పినదే నిజమని తేలెను. అప్పటికి ఇద్దరును గతించిరి.

కీర్తి వచ్చినను ఆయన నడవడి మారలేదు. విద్యామంత్రి పదవి ఇచ్చెదమనగా వలదనెను. పరిశోధనశాలాధ్యక్షునిగా తనకు నిర్ణయించిన 10,000 పెసెటాల జీతము అధికమని, దానిని 6,000కు తగ్గింపుమని కోరెను. ఫోటోగ్రఫీ యందలి ప్రీతితో 1912లో రంగుల ఛాయాచిత్రములను గూర్చి పుస్తకము వ్రాసెను. యువ పరిశోధకుల కొరకును, తన జీవితమును గూర్చియు గ్రంథములు రచించెను. రియో ఒర్టేగా, లొరెంటే డి నో మొదలగు శిష్యులను తీర్చిదిద్దెను. 1930లో భార్య మరణించెను. 1934వ సంవత్సరము అక్టోబరు 17వ తేదీన మాడ్రిడ్‌లో ఆయన కాలధర్మము నొందెను. ఆయన చేతితో గీసిన చిత్రములు 2,900కు పైగా నిలిచియున్నవి. 2017లో యునెస్కో సంస్థ ఆయన పత్రములను, చిత్రములను ప్రపంచ స్మృతి సంపదలో చేర్చెను. చిత్రకళ రాదని ఒకప్పుడు సున్నము వేయువాడు తీర్పు చెప్పినది ఈ చేతిని గూర్చియే.

ఆయన వేసిన ప్రశ్న మాత్రము ఆయనతో పోలేదు. 1907లో అమెరికా శాస్త్రజ్ఞుడు హారిసన్ కప్ప పిండపు కణములను గాజుపలకపై సజీవముగా పెంచి, తంతువు కొన నిజముగా ప్రాకుటను కన్నులార చూచెను. 1994లో దారిచూపు పదార్థములలో నొకటి దొరకెను. దానికి పెట్టిన పేరు నెట్రిన్. నడిపించువాడను అర్థము గల నేతృ అను సంస్కృత పదమునుండి ఆ పేరు పుట్టినది. మన నేత యను మాటయు దానినుండి వచ్చినదే. నేత్రపటలపు తంతువులు కంటిని విడిచి దృక్‌నాడిలో ప్రవేశించు ద్వారమున ఈ నెట్రిన్ నిలిచి వానిని పిలుచును.

సంస్కృత నామము గల మరియొక పదార్థము 1992లోనే బయల్పడెను. అది మెదడు తానే చేసికొను క్రొవ్వు జాతి పదార్థము. ఆనందమను పదమునుండి దానికి ఆనందమైడ్ అని పేరు పెట్టిరి. గంజాయి మొక్కలోని మత్తు పదార్థము మెదడులో ఏ గ్రాహకమును తాకి మైకము కలిగించునో, ఆ గ్రాహకము నిజమునకు ఇట్టి స్వదేశీ పదార్థముల కొరకు ఏర్పడినది. వీనిని ఎండోకన్నాబినాయిడ్లు అందురు. తాళపుచెవి ఇంటివారిది, గంజాయి మారు తాళపుచెవి వంటిది.

పెరుగుచున్న దృష్టి మార్గమున ఈ గ్రాహకమునకు పనియేమి? 2011లో ప్రకటింపబడిన యొక పరిశోధన దీనికి సమాధానము చూపెను. నేత్రపటలపు తంతువుల కొనలయందలి ఈ గ్రాహకమును మందుతో ప్రేరేపించినచో కహాల్ కనుగొన్న వృద్ధి శంకువు ముడుచుకొనిపోవును. దానిని అడ్డగించినచో శంకువు విశాలమగును. తంతువులు అధికముగా పెరిగి, పోరాని చోటులకును పోవును. నెట్రిన్‌ను గుర్తించు గ్రాహకము శంకువు పైపొరకు వచ్చుట కూడ దీనిపై నాధారపడియున్నది. ఒక కంటి తంతువులు, రెండవ కంటి తంతువులు మెదడులోని మజిలీయందు వేరువేరు అరలలో స్థిరపడవలయును. ఈ గ్రాహకము లేకుండ పుట్టిన ఎలుకలలో ఆ అరల సరిహద్దులు చెరిగియుండెను. కావున నెట్రిన్ రమ్మని పిలుచుచుండగా, ఎండోకన్నాబినాయిడ్లు ఇక చాలు, ఆగుమని పగ్గము పట్టుచున్నవని చెప్పవచ్చును. పిలుపును పగ్గమును రెండును సమముగా నున్నపుడే చూపు నిలుచును.

ఈ పదార్థములు కహాల్ సూత్రమునకు ఒక చేర్పును కూడ తెచ్చినవి. వార్త ఒకే దిక్కున పోవునని ఆయన చెప్పెను. అది స్థూలముగా నిజమే. కాని వార్తను అందుకొన్న కణము ఎండోకన్నాబినాయిడ్లను వెలువరించి, పంపిన కణమునకు తగ్గుమని మరల కబురు పంపగలదని 2001లో తేలినది. ఉత్తరము వచ్చిన త్రోవనే జవాబును పోవుచున్నది. గొప్పవాని మాటయైనను పరీక్షకు నిలువవలయును; ఆ పరీక్షచే అది పెరుగును. కహాల్ కూడ తన కాలపు పెద్దల మాటను పరీక్షించియే సత్యమును కనుగొనెను.

ఇందొక హెచ్చరికయు కలదు. గర్భవతి గంజాయిని సేవించినచో ఆ మత్తు పదార్థము గర్భస్థ శిశువును చేరును. ఏ గ్రాహకము దారి కట్టుటకు పనిచేయుచున్నదో దానినే అది అకాలమున తాకును. అందుచేతనే గర్భిణులు దానిని దరిచేరనీయరాదని వైద్యులు చెప్పుచున్నారు. ఎదుగుచున్న మెదడు గల బాలబాలికలకును ఇదే హితవు.

బాలబాలికలారా! కహాల్ ధనికుడు కాడు, ఆరోగ్యవంతుడు కాడు, తరగతిలో మొదటివాడును కాడు. ఆయనకు కలిగినవి మూడు: చూచిన దానిని శ్రద్ధతో గీయు చేయి, గీసినది తప్పయినచో చించివేసి మరల గీయు ఓర్పు, పెద్దలు నమ్మినది గాక కంటికి కనబడినది చెప్పు ధైర్యము. చీకటి గదిలో శిక్ష ననుభవించుచు కూడ పైకప్పువైపు చూచిన బాలుడాయన. ఆ చూపు వలననే మన చూపు ఎట్లు ఏర్పడుచున్నదో లోకము తెలిసికొన నారంభించెను. మీలో ఎవ్వరైనను మీ పాఠ్యపుస్తకపు బొమ్మను చూచి ఊరకుండక, చేతితో ఒకమారు గీసి చూడుడు. అంతవరకు కనబడని దేదో అందు మీకు కనబడును.